డాక్టరు బరువు తగ్గే ఇంజెక్షన్ రాయనంటే ఏం చేయాలి?

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్తాను, నాకు సరిగ్గానే అర్థమైందో లేదో చూసుకోండి. మీకు 33 ఏళ్లు. సొంతూరు నెల్లూరు, ఉద్యోగం చెన్నైలో, పెరుంగుడి వైపు. ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు. థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నారు. పీసీఓడీ (అండాశయాల్లో హార్మోన్ల తేడా, దానివల్ల నెలసరి తప్పడం) ఉందని ఎప్పుడో స్కానింగులో తేలింది. రెండేళ్లుగా నడక, జిమ్ము, రాత్రిపూట అన్నం మానడం అన్నీ చేశారు. తగ్గిన బరువు తగ్గినట్టే మళ్లీ వచ్చేసింది. వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్ అడిగితే డాక్టరు ‘మీకు అవసరం లేదు, కాస్త నోరు కట్టుకోండి’ అని పంపేశారు. ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లాలా, డాక్టరు చీటీ లేకుండా ఇంటికి పంపేవాళ్ల దగ్గర కొనాలా, ఆఫీసులో స్నేహితురాలు సగంలో మానేసిన ఇంజెక్షన్ పెన్ను వాడుకోవచ్చా అని అడిగారు. చివర్లో, వచ్చే ఏడాది పిల్లల కోసం ప్రయత్నించాలని ఉంది అని ఒక్క ముక్క రాసి వదిలేశారు.

సూటిగా చెప్తున్నాను. చీటీ లేకుండా కొనకండి. స్నేహితురాలి పెన్ను ముట్టుకోకండి. కాదన్న డాక్టరు దగ్గరికే మరొక్కసారి వెళ్లి, ఎందుకు కాదన్నారో కారణం అడగండి, ఓపీ చీటీ మీద రాయమనండి. ఆ కారణం చేతిలో పట్టుకుని రెండో డాక్టరు దగ్గరికి వెళ్లండి. మీ విషయంలో మాత్రం, నేనైనా ఈ రోజున వెంటనే రాసి ఇచ్చేవాడిని కాదు. ఎందుకో మీరే చివరి వాక్యంలో రాశారు. దాని దగ్గరికి వస్తాను.

నేను చెన్నైలో జనరల్ మెడిసిన్ ప్రాక్టీసు చేస్తున్నాను. నా ఓపీలో సగం మంది సూళ్లూరుపేట, గూడూరు, నెల్లూరు, తిరుపతి నుంచి ఫైలు సంచితో రైలు దిగి వచ్చేవాళ్లే. షుగర్, బీపీ, బరువు, ఈ మూడే నా రోజువారీ పని. ఈ ఇంజెక్షన్లు నేను రాస్తాను, అడిగినవాళ్లకు కాదని కూడా చెప్తాను. కాబట్టి బల్లకు అటువైపు కూర్చున్న మనిషి బుర్రలో ఏముంటుందో కొంత చెప్పగలను.

‘రాయను’ అనే ఒక్క మాట వెనక చాలా ఉంటాయి. మీకు ఈ మందు ప్రమాదం అని కావచ్చు. ఇప్పుడు వద్దు, తరువాత చూద్దాం అని కావచ్చు. నిబంధనల ప్రకారం మీరు అర్హుల కిందికి రారు అని కావచ్చు. ఇది నా పని కాదు, వేరే నిపుణుడి పని అని కావచ్చు. లావుగా ఉండటం మీ తప్పు, దానికి మందేమిటి అన్న చిన్నచూపు కూడా కావచ్చు. అలాంటి డాక్టర్లు లేరని నేను చెప్పలేను. ఒక్కోదానికి ఒక్కో దారి. కారణం తెలియకుండా నలుగురు డాక్టర్ల చుట్టూ తిరిగితే ఖర్చయ్యేది మీ ఫీజులే.

ముందు అర్హత సంగతి. మన దేశంలో ఈ ఇంజెక్షన్లలో మౌంజారో (టిర్జెపటైడ్) 2025 మార్చిలో, వెగోవీ (సెమాగ్లూటైడ్) అదే ఏడాది జూన్‌లో వచ్చాయి. బరువు కోసం వాడాలంటే బీఎంఐ (కిలోల బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె) 30 గానీ అంతకుమించి గానీ ఉండాలి. లేదా కనీసం 27 ఉండి, దానితోపాటు బరువువల్ల వచ్చే జబ్బు ఒకటైనా ఉండాలి. మీ బీఎంఐ 28.9. అంటే మొదటి గీతకు కింద, రెండో గీతకు పైన ఉన్నారు. మీ కేసంతా ఆ ‘జబ్బు ఒకటైనా’ అన్న మాట మీదే ఆధారపడి ఉంది.

ఇక్కడే చాలామందికి చిక్కు వస్తుంది. ఆసుపత్రి గోడమీది చార్టులో 25 దాటితే ఊబకాయం అని ఉంటుంది. అది తప్పు కాదు. మన శరీరాల్లో తక్కువ బరువుకే పొట్టలో కొవ్వు చేరుతుంది, షుగర్ వస్తుంది; అందుకే భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని లెక్క వేస్తాం. షుగర్, ఊబకాయాల మీద దేశవ్యాప్తంగా జరిగిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే 2023లో వెలువడింది. ఆ లెక్కన పెద్దల్లో 28.6 శాతం మంది ఊబకాయులని, పొట్ట ఊబకాయం 39.5 శాతం మందికి ఉందని తేలింది. జబ్బును గుర్తించే గీత వేరు, ఈ మందు మొదలుపెట్టే గీత వేరు. చార్టు చూసి ‘నాకు ఊబకాయం ఉంది కదా, ఎందుకు రాయరు’ అని అడిగేవాళ్లకు నేను రోజూ చెప్పే సంగతి ఇదే.

మీరు రాసిన జబ్బుల్లో థైరాయిడ్, పీసీఓడీ ఉన్నాయి. ఆ అర్హత జాబితాలో సాధారణంగా లెక్కించేవి బీపీ, టైప్ 2 షుగర్, కొలెస్టరాల్ తేడాలు, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, గుండె జబ్బు. వీటిలో మీకు ఏవి ఉన్నాయో, ఏవి లేవో మీరు రాయలేదు. బహుశా ఎవరూ చూసి ఉండరు. పీసీఓడీ ఉన్న ఆడవాళ్లలో షుగర్ తొలిదశ, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు ఎక్కువగా ఉండటం, కాలేయంలో కొవ్వు తరచుగా కనిపిస్తాయి, అయినా స్కానింగు దగ్గరే కథ ఆగిపోతుంది.

కాబట్టి తిరిగి వెళ్లేముందు ఈ కాగితాలు సిద్ధం చేసుకోండి. ఖాళీ కడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), కొలెస్టరాల్ పరీక్ష, ఎస్‌జీపీటీ (కాలేయం పరీక్ష), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష). వేర్వేరు రోజుల్లో, కూర్చుని ఐదు నిమిషాలు ఆగాక చూసిన బీపీ. బొడ్డు దగ్గర నడుము కొలత. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటితే లెక్కలోకి తీసుకుంటాం. టేపును చీర మీద, ప్యాంటు మీద పెట్టి కొలవకండి. గాలి బిగబట్టి కొలిస్తే నాకు తెలిసిపోతుంది.

ఇంకొకటి మీవారిని అడిగి తెలుసుకోవాలి: నిద్రలో గురక పెడతారా, మధ్యలో ఊపిరి ఆగినట్టు అనిపిస్తుందా. గూడూరు నుంచి ఒక లారీ యజమాని వచ్చేవారు. ఆయనకు ఇంజెక్షన్ కావాలి, బీఎంఐ 29కి అటూ ఇటూ, షుగర్ లేదు, బీపీ లేదు. అంతకుముందు చూసిన డాక్టరు రాయనన్నారు. నా ముందు కూర్చుని నేను పాత రిపోర్టులు తిరగేసేలోపు కునుకు తీశారు. పక్కనున్న ఆవిడ ‘ఇంట్లో కూడా ఇంతేనండీ, రాత్రి గురక ఆగిపోతే భయమేసి తట్టి లేపుతాను’ అన్నారు. నిద్ర పరీక్ష చేయిస్తే తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, బయటపడింది. అప్పుడు రాయడానికి నాకు వైద్యపరమైన కారణం దొరికింది. టిర్జెపటైడ్‌కు అమెరికాలో 2024 డిసెంబరులో ఆ జబ్బుకే ప్రత్యేకంగా అనుమతి వచ్చింది కూడా. ఆయనకు నిద్రలో గాలి అందించే మాస్కు యంత్రం మొదట పెట్టించాం, ఇంజెక్షన్ తరువాత. ఆయనకేమో ఇంజెక్షన్ దొరికిందన్న సంతోషమే గానీ, నన్నడిగితే ఆయన్ను కాపాడింది ఆ మాస్కు. ఆ నిద్రమత్తులో స్టీరింగు పట్టుకునే మనిషి కదా.

ఇప్పుడు మీ చివరి వాక్యం. పిల్లల కోసం ప్రయత్నించేవాళ్లు, గర్భిణులు ఈ మందులు వాడకూడదు. సెమాగ్లూటైడ్ వాడుతుంటే గర్భం కోసం ప్రయత్నించడానికి కనీసం 2 నెలల ముందే ఆపేయాలి, ఎందుకంటే అది ఒంట్లో వారాల తరబడి నిలిచి ఉంటుంది. టిర్జెపటైడ్‌కు కనీసం ఒక నెల. పైగా టిర్జెపటైడ్ మొదలుపెట్టిన 4 వారాలు, డోసు పెంచిన ప్రతిసారీ మరో 4 వారాలు, నోటి గర్భనిరోధక మాత్రల మీద మాత్రమే ఆధారపడకూడదు. కండోమ్ కూడా వాడాలి. పీసీఓడీలో ఇంకో మెలిక ఉంది. బరువు కాస్త తగ్గగానే అండం విడుదల మళ్లీ మొదలవుతుంది. ‘నాకు ఎలాగూ గర్భం రావడం లేదు’ అనుకున్న వాళ్లకే ఇంజెక్షన్ నడుస్తుండగా నెల తప్పుతుంది.

లెక్క వేసి చూడండి. సెమాగ్లూటైడ్ మీద 2021లో వెలువడిన పెద్ద పరీక్షలో 68 వారాలకు సగటున 15 శాతం బరువు తగ్గింది. మీ 74 కిలోల మీద అది 11 కిలోలు. అంటే ఆ ఫలితం అందాలంటే 16 నెలలు వాడాలి, ఆపై 2 నెలలు ఆగాలి. మొత్తం ఏడాదిన్నర. మీరేమో వచ్చే ఏడాదే అంటున్నారు. మధ్యలో ఆపేస్తే? అదే పరీక్షలో పాల్గొన్నవాళ్లలో కొందరిని మందు ఆపిన తరువాత కూడా గమనించారు. తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు ఏడాదిలోపే తిరిగి వచ్చింది. ఆ పెరిగే కాలంలోనే మీరు గర్భం దాల్చుతారు. ఇది నాకు నచ్చని ప్రణాళిక.

మీ ముందు నిజంగా రెండే దారులున్నాయి. పిల్లల ఆలోచనను ఏడాదిన్నర, రెండేళ్లు వాయిదా వేసి, గట్టి గర్భనిరోధంతో మందు వాడటం. లేదా ముందు బిడ్డ, ఆ తరువాత, పాలు ఇవ్వడం కూడా అయ్యాక మందు. 33 ఏళ్ల వయసులో, పీసీఓడీతో, ఏది మేలో మీ గైనకాలజిస్టు, మీరు, మీవారు కూర్చుని తేల్చుకోవాలి. నేను ఇక్కడ కూర్చుని తేల్చలేను. రెండో దారి పట్టినా చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. పీసీఓడీలో నెలసరి దారిన పడటానికి 11 కిలోలు అక్కర్లేదు, 5 శాతం తగ్గినా చాలామందికి తేడా కనిపిస్తుంది. మీకది నాలుగు కిలోల లోపు. మెట్‌ఫార్మిన్ ఇవ్వాలా అని కూడా ఆ డాక్టరునే అడగండి. అది పాత షుగర్ మందు, చవక మందు, పీసీఓడీలో ఎన్నాళ్లనుంచో వాడుతున్నాం.

మీ డాక్టరు ఇదంతా ఆలోచించే కాదన్నారేమో. అలాగైతే మీతో చెప్పాల్సింది. చెప్పకపోవడం ఆయన లోపమే.

థైరాయిడ్ గురించి మీకు భయం ఉన్నట్టు ప్రశ్నలో కనిపించింది, కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాను. ఈ ఇంజెక్షన్ల కాగితంలో థైరాయిడ్ క్యాన్సర్ గురించి హెచ్చరిక ఉంటుంది. అది మెడుల్లరీ అనే ఒక అరుదైన రకం గురించి. ఆ రకం మీకు గానీ మీ రక్తసంబంధీకులకు గానీ వచ్చి ఉంటే, లేదా ఎంఈఎన్-2 అనే వంశపారంపర్య జబ్బు ఉంటే, మందు వాడనే కూడదు. మామూలు హైపోథైరాయిడ్‌కు దీంతో సంబంధం లేదు. పొద్దున్నే మాత్ర వేసుకునే లక్షలమందిలో మీరూ ఒకరు. అది అడ్డంకి కాదు. ‘థైరాయిడ్ ఉంది కాబట్టి ఇవ్వకూడదు’ అని పంపేసినవాళ్లు నా దగ్గరికి తరచూ వస్తారు. ఆ కారణం చూపి కాదంటే, ధైర్యంగా రెండో అభిప్రాయానికి వెళ్లండి.

నెల్లూరు జిల్లా నుంచే ఒకాయన వచ్చారు. వాళ్ల అమ్మగారికి పాతికేళ్ల కిందట మెడ ఆపరేషన్ అయింది, ‘గొంతు క్యాన్సర్’ అని ఇంట్లో చెప్పుకుంటారు. ఏ రకమో ఎవరికీ తెలియదు. తెలియకుండా రాయనని నేను చెప్పాను. ఆయనకు కోపం వచ్చింది. నెల తిరిగేసరికి, అటక మీది ట్రంకుపెట్టెలో పట్టుచీరల మధ్య దాచిన బయాప్సీ కాగితం పట్టుకుని వచ్చారు. టైపు అక్షరాలు సగం చెరిగిపోయాయి, కానీ ‘పాపిల్లరీ’ అన్న మాట చదవగలిగాం. అది వేరే రకం, అడ్డంకి కాదు. మందు మొదలుపెట్టాం. అదే కాగితంలో ‘మెడుల్లరీ’ అని ఉంటే ఇంజెక్షన్ సంగతి అలా ఉంచి, ఆయనకూ తోబుట్టువులకూ పరీక్షలు చేయించాల్సి వచ్చేది. ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ ఆపరేషన్ అయి ఉంటే ఆ కాగితం వెతకండి.

ఈ సందర్భంలోనే ఒక మాట. థైరాయిడ్ మాత్ర వేసుకోగానే ఫిల్టర్ కాఫీ తాగేస్తారు మా చెన్నైలో. కాఫీతో మాత్ర సరిగ్గా ఒంటబట్టదు. అరగంట నుంచి గంట ఆగండి. టీఎస్‌హెచ్ అదుపులో లేకుండా బరువు మందు కోసం వెతకడం అనవసరం.

అసలు వాడకూడనివాళ్లు, చాలా జాగ్రత్తగా మాత్రమే వాడాల్సినవాళ్లు ఇంకా ఉన్నారు. క్లోమం వాచి (పాంక్రియాటైటిస్) ఆసుపత్రిలో పడుకుని వచ్చినవాళ్లు, జీర్ణాశయం కదలిక బాగా మందగించినవాళ్లు, పిత్తాశయంలో రాళ్లతో నొప్పి వస్తున్నవాళ్లు, షుగర్ వల్ల కంటి లోపలి రెటీనా పొర దెబ్బతిన్నవాళ్లు, తిండి విషయంలో మానసిక సమస్యలున్నవాళ్లు. మీకు వీటిలో ఏదైనా ఉండి డాక్టరు కాదంటే, ఆ మాట వినండి. అక్కడ రెండో డాక్టరు, మూడో డాక్టరు వెతుక్కోవడం అంటే ప్రమాదాన్ని వెతుక్కోవడమే.

ఇక ‘నోరు కట్టుకోండి’ విషయం. ఆ మాట మిమ్మల్ని బాధపెట్టిందని తెలుస్తూనే ఉంది. తగ్గిన బరువును తిరిగి తెచ్చుకోవాలని శరీరం తనంతట తానే ఆకలి పెంచుతుంది, శక్తి ఖర్చు తగ్గిస్తుంది. ఇది మీ సంకల్పబలానికి పెట్టే పరీక్ష కాదని ఈనాటి వైద్యులకు తెలిసి ఉండాలి. కానీ మనవాళ్లదీ ఒక అలవాటు ఉంది. గదిలో ‘సరే సార్’ అంటారు, బయటికొచ్చి లిఫ్టు దగ్గర బాధపడతారు. పైగా డాక్టరు తమిళంలో మాట్లాడితే సగం అర్థమై, సగం తలూపి వచ్చేస్తారు. చెన్నైలో తెలుగు వచ్చిన డాక్టర్లకు, నర్సులకు కొదవ లేదు. అపాయింట్‌మెంటు తీసుకునేటప్పుడే అడగండి.

రెండోసారి వెళ్లినప్పుడు ‘ఇంజెక్షన్ రాయండి’ అని మొదలుపెట్టకండి. అలా మొదలుపెడితే, ఎవరో ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి వచ్చారనుకుంటాం. నిజం చెప్తున్నాను, నేనూ అనుకుంటాను. ఇలా అడగండి: ‘నా బరువుకు మీరు చికిత్స చేస్తారా? ఈ మందు నాకు ఎందుకు సరిపడదు? ఏ పరీక్ష ఫలితం ఎలా ఉంటే సరిపడుతుంది? ఇది కాకపోతే వచ్చే మూడు నెలలు ఏం చేద్దాం?’ ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పిన డాక్టరు మందు రాయకపోయినా మీకు చికిత్స చేస్తున్నట్టే. జవాబు చెప్పకుండా మళ్లీ ‘నోరు కట్టుకోండి’ అంటే, మర్యాదగా లేచి వచ్చేయండి.

హక్కుల సంగతి. ఫలానా మందే రాయాలని డాక్టరును బలవంతపెట్టే హక్కు రోగికి లేదు. మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేస్తామని వచ్చేవాళ్లకు ఇదే చెప్తాను, ఈ విషయంలో ఆ దారి వృథా. కానీ మీ జబ్బు గురించి, చికిత్స గురించి వివరంగా తెలుసుకునే హక్కు ఉంది. రెండో అభిప్రాయం తీసుకునే హక్కు ఉంది. 2002 నాటి వైద్య నియమావళి ప్రకారం, మీ వైద్య రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ‘వేరే డాక్టరుకు చూపిస్తారా’ అని ఎవరైనా ముఖం చిట్లించినా ఫైలు మాత్రం ఇవ్వక తప్పదు.

రెండో అభిప్రాయం కోసం ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల నిపుణుడు) దగ్గరికి గానీ, బరువు, షుగర్ కేసులు తరచుగా చూసే జనరల్ మెడిసిన్ ఎం.డి. దగ్గరికి గానీ వెళ్లండి. సన్నబడే సెంటర్లకు, చర్మ సౌందర్య క్లినిక్కులకు వెళ్లవద్దు. వాళ్లు వెంటనే రాస్తారు, ఆ తొందరే నాకు భయం. వాంతులు ఆగకపోతే అర్ధరాత్రి ఎవరికి ఫోను చేస్తారు? మొదటి డాక్టరు కాదన్న సంగతి రెండో డాక్టరు దగ్గర దాచకండి. దాచినవాళ్ల ఫైలులో మొదటి చీటీ ఎలాగూ బయటపడుతుంది, అక్కడితో నమ్మకం పోతుంది.

వెళ్లేటప్పుడు మీరు వాడే ప్రతి మందూ సంచిలో వేసుకెళ్లండి. ఇది మాటవరసకు చెప్పడం లేదు. బరువు పెంచే మందులు చాలా ఉన్నాయి: షుగర్‌కు ఇచ్చే గ్లిమిపిరైడ్, పయోగ్లిటజోన్, ఇన్సులిన్, మానసిక వైద్యంలో ఓలాంజపిన్, మిర్టజపిన్, మూర్ఛకు, మైగ్రేన్‌కు వాల్‌ప్రోయేట్, స్టెరాయిడ్లు. షుగర్ ఉన్న ఒక టీచరుగారు తనకు ఇంజెక్షన్ ఎవరూ రాయలేదని వచ్చారు. ఆవిడ సంచిలో గ్లిమిపిరైడ్, పయోగ్లిటజోన్ రెండూ ఉన్నాయి. వాటిని మార్చి, పేటెంట్ తీరి ధర బాగా పడిపోయిన ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మందు పెట్టాక, షుగరూ దిగింది, బరువూ దిగడం మొదలైంది. ఇంజెక్షన్ మాట ఆవిడే మర్చిపోయారు. ఇంకొకావిడ మోకాళ్ల నొప్పులకు ఊళ్లో పొట్లాల మందు వాడుతున్నారు. ముఖం గుండ్రంగా ఉబ్బింది, చేతులు సన్నబడ్డాయి, పొట్ట మీద ఊదారంగు చారలు. పొట్లంలో స్టెరాయిడ్ కలిసిందని చూడగానే అనుమానం వచ్చింది, పరీక్షలూ అదే చెప్పాయి. అలాంటి పొట్లం వాడుతుంటే హఠాత్తుగా మానకండి, ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

ఇతర మందులు, ఆపరేషన్ గురించి రెండు ముక్కలు. ఓర్లిస్టాట్ అనే మందు, తిన్న కొవ్వులో మూడో వంతు ఒంటపట్టకుండా చేస్తుంది. తగ్గే బరువు తక్కువ, నూనె విరేచనాలు మాత్రం గ్యారంటీ, పైగా మీ థైరాయిడ్ మాత్రకూ దానికీ కనీసం 4 గంటల తేడా ఉండాలి. బరువు ఆపరేషన్ మీకు సంబంధించిన విషయం కాదు. ఇది చదివే ఇంకెవరికైనా బీఎంఐ 40 దాటితే, లేదా 35 దాటి తీవ్రమైన గుండె జబ్బు, స్లీప్ ఆప్నియా, అదుపులేని షుగర్ లాంటివి ఉంటే, ఆరోగ్య బీమా సాధారణంగా ఆపరేషన్ ఖర్చు భరిస్తుంది. ఇంజెక్షన్లకు మాత్రం సాధారణంగా ఇవ్వదు. కంపెనీ పాలసీలో ఓపీ మందుల భాగం ఉందేమో మీ హెచ్‌ఆర్ వాళ్లను అడిగి చూడండి.

ఖర్చు చూసి కాదనే డాక్టర్లూ ఉన్నారు. మౌంజారో వచ్చిన కొత్తలో 2.5 మిల్లీగ్రాముల సీసా 3,500 రూపాయలు, 5 మిల్లీగ్రాములది 4,375. నెలకు నాలుగు కావాలి. మూడు నెలలు వాడి డబ్బు చాలక మానేసి, పెరిగి, మళ్లీ వచ్చేవాళ్లను చూసి విసుగెత్తి ముందే వద్దనేస్తారు. సెమాగ్లూటైడ్ పేటెంట్ మన దేశంలో 2026 మార్చితో తీరింది, దేశీయ కంపెనీలకు దారి తెరుచుకుంది. కాబట్టి ఖర్చే కారణమైతే ఆ మాట పైకి అనమనండి, ఎంతవరకు భరించగలరో మీరూ చెప్పండి. షుగర్ ఉన్నవాళ్లకైతే సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో డయాబెటాలజీ ఇన్‌స్టిట్యూట్ ఉంది. క్యూ పొడుగే, కానీ అక్కడి డాక్టర్లు చూసినన్ని కేసులు ప్రైవేటులో చూడటం అరుదు.

చీటీ లేకుండా ఇంటికి పంపేవాళ్ల సంగతి. నకిలీ సెమాగ్లూటైడ్ గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జూన్‌లో హెచ్చరిక జారీ చేసింది. నకిలీ కాకపోయినా, వాడకముందు ఈ మందును 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. మే నెలలో చెన్నైలో స్కూటరు డిక్కీలో రెండు గంటలు తిరిగిన పెన్ను ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. చూడటానికి మాత్రం తేడా తెలియదు. మందుల షాపులో చీటీ చూపి, బ్యాచ్ నంబరు ఉన్న బిల్లుతో, ఐస్ ప్యాకులో పెట్టి ఇస్తేనే తీసుకోండి. ‘మూలికలతో సన్నబడే మాత్రలు’ అంతకన్నా ప్రమాదం. సిబుట్రమిన్ అనే మందును గుండెకు ముప్పని మన ప్రభుత్వం 2011లో నిషేధించింది. అది పేరు చెప్పకుండా అలాంటి మాత్రల్లో దొంగతనంగా చేరడం అనేక దేశాల్లో పట్టుబడింది. తిన్న రెండో రోజునుంచే ఆకలి చచ్చిపోయి గుండె దడ వస్తుంటే, ఆ డబ్బా అక్కడే ఆపి డాక్టరుకు చూపించండి.

చివరగా స్నేహితురాలి పెన్ను. ఒక పెన్నులో పలు డోసులు ఉంటాయి కాబట్టి ‘సూది మార్చుకుంటే చాలు కదా’ అని అడుగుతారు. చాలదు. వేసుకునేటప్పుడు రక్తం లేశమాత్రంగా లోపలి మందులోకి వెనక్కి చేరవచ్చు. హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ అలా అంటుకునే అవకాశం ఉంది, సూది కొత్తదైనా సరే. రెండో సమస్య డోసు. ఆవిడ మానేసే సమయానికి ఏ మెట్టు మీద ఉన్నారో, అదే డోసు మీరు మొదటిరోజే వేసుకుంటారు. సెమాగ్లూటైడ్ 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి నాలుగేసి వారాలకు ఒక మెట్టు చొప్పున పెంచేది కడుపు అలవాటు పడటానికే. నేరుగా 1 మిల్లీగ్రాము వేసుకుని, రెండు రోజులు నీళ్లు కూడా నిలవక సెలైన్ ఎక్కించుకున్నవాళ్లను చూశాను. ఆ పెన్నును ఆవిడ తాను మందు తెచ్చుకున్న ఆసుపత్రికి తిరిగి తీసుకెళ్లి, సూదులు పారేసే డబ్బాలో వేయమని అడగమనండి. మీరు ఈ వారంలో రక్తపరీక్షలు చేయించుకుని, ఫలితాలు రాయండి. హెచ్‌బీఏ1సీ, ట్రైగ్లిజరైడ్లు చూస్తే ఇంకాస్త కచ్చితంగా చెప్పగలను.